తాళంచెవి ఎవరి దగ్గరుంది?

(చిక్కడపల్లిలో స్త్రీల సంఘాల కార్యకర్తలు, హాస్టలు విద్యార్థినుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈమెయిల్ హ్యాకింగ్ గురించి స్త్రీల సమావేశంలో మాట్లాడడమేమిటి, అది కంప్యూటర్ వాళ్లు చెప్పే విషయం కదా అని కొందరికి అనిపించవచ్చు. నాకలా అనిపించదు. స్త్రీకి వచ్చిన ఉత్తరాన్ని ఎవరు విప్పి చదవొచ్చు అన్నది మన సమాజంలో చాలా పాత ప్రశ్న. ఈ పక్కనే నారాయణగూడలో ఉన్న మాడపాటి హనుమంతరావు బాలికల పాఠశాల 1928లో మొదలైంది. ఆడపిల్లలకి చదువొస్తే ఉత్తరాలు రాస్తారని పెద్దలు భయపడిన కాలం అది. చదువు వచ్చింది, ఉత్తరాలూ వచ్చాయి. వాటిని ముందుగా విప్పి చూసే అధికారం మాత్రం చాలా ఇళ్లలో తండ్రిదీ, భర్తదీ అయి కూర్చుంది. ఇవాళ కవరు పోయి పాస్‌వర్డ్ వచ్చింది. ప్రశ్న అదే.

ఈ చుట్టుపక్కల పరిస్థితి చూడండి. అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల కోసం, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో ఓ కుర్చీ కోసం జిల్లాల నుంచి ఎందరో అమ్మాయిలు వస్తారు. వాళ్ల ఉద్యోగ దరఖాస్తులు, సర్టిఫికెట్ల కాపీలు, బ్యాంకు సమాచారం అన్నీ ఒక్క ఈమెయిల్‌లో ఉంటాయి. ఆ మెయిల్ తెరిచింది ఎవరు అని అడిగితే “నెట్ సెంటర్ అతను” అనో, “మా అన్నయ్య” అనో చెబుతారు. దానికిచ్చిన ఫోన్ నంబరూ వాళ్లదే. నేను కలిసిన ఒక అమ్మాయికి హాల్ టికెట్ తీసుకోవాల్సిన వారంలో మెయిల్ తెరుచుకోలేదు. కోడ్ వెళ్లేది ఊళ్లో నెట్ సెంటర్ నంబరుకి. ఆ సెంటరు ఎప్పుడో మూతపడింది. ఇంకొకావిడ ఒక స్వచ్ఛంద సంస్థలో పనిచేస్తుంది. ఆమెకొచ్చే ప్రతి ఉత్తరం నకలు నెలల తరబడి భర్తకి చేరింది. తమ గృహహింస గురించి ఆమెకి రాసుకున్న స్త్రీల ఉత్తరాలు కూడా అందులో ఉన్నాయి. పోయింది ఒక్కరి ఏకాంతం కాదు, ఆమెని నమ్మిన వాళ్లందరి భద్రత.

హ్యాకర్ అనగానే ఎక్కడో దూరదేశంలో ముఖం తెలియని వాడు మనకి గుర్తొస్తాడు. అలాంటి వాళ్లూ ఉన్నారు. కానీ స్త్రీల విషయంలో చొరబడేది తరచూ దగ్గరివాళ్లే. పెద్ద సంస్థల్లోనూ ఇది జరుగుతుంది. రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ రహస్య విభాగం కంప్యూటర్ నుంచి ప్రశ్నాపత్రాలు బయటికి పోయాయన్న కేసు 2023 మార్చిలో వచ్చినప్పుడు, నిందితుల్లో ఆ కార్యాలయంలో పనిచేసేవాళ్లే ఉన్నారు. గ్రూప్-1 ప్రిలిమినరీ పరీక్ష రద్దయింది. ఆ దెబ్బ ఎలా ఉంటుందో అశోక్‌నగర్ హాస్టళ్లకి చెప్పనక్కర్లేదు.

సరే, మెయిల్ చేజారితే ఏం చేయాలి? మనలో ఎక్కువ మంది వాడేది జీమెయిల్ కనుక దాని గురించే చెబుతాను. కొత్త చోట నుంచి ప్రయత్నించకండి. రోజూ మెయిల్ చూసే ఫోన్ లేదా కంప్యూటర్ నుంచి, మామూలుగా ఉండే చోటు నుంచే గూగుల్ అకౌంట్ రికవరీ పేజీ తెరవండి. మీరే అసలు మనిషని గుర్తించడానికి ఆ అలవాటైన పరికరం ఒక ఆధారం. పాత పాస్‌వర్డుల్లో గుర్తున్నది రాయండి. దొంగ మీ రికవరీ నంబరు మార్చేసినా, పాత నంబరుకే కోడ్ పంపే అవకాశం 7 రోజుల వరకూ ఉండవచ్చు. అందుకని ఆలస్యం చేయొద్దు. డబ్బు తీసుకుని మెయిల్ తెచ్చిపెడతామనే వాళ్లని నమ్మొద్దు.

మెయిల్ తిరిగి చేతికొచ్చాక పాస్‌వర్డ్ మార్చి ఊరుకుంటే చాలదు. ఇందాక చెప్పిన సంస్థ ఉద్యోగిని పాస్‌వర్డ్ రెండుసార్లు మార్చింది, అయినా నకళ్లు వెళ్తూనే ఉన్నాయి. సెట్టింగుల్లో ఫార్వార్డింగ్, ఫిల్టర్లు చూడాలి. ఇవి ఫోన్‌లోని జీమెయిల్ యాప్‌లో కనిపించవు, కంప్యూటర్‌లో చూడాలి. రికవరీ ఫోన్, రికవరీ మెయిల్ మీవేనా? ఏయే పరికరాల్లో మీ ఖాతా తెరిచి ఉంది? తెలియనివి అన్నీ తీసేయండి. తర్వాత టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకోండి. దాంతో వచ్చే బ్యాకప్ కోడ్‌లని కాగితం మీద రాసి సర్టిఫికెట్ల ఫైల్లో దాచండి. ఒక చోట వాడిన పాస్‌వర్డ్ ఇంకో చోట వాడకండి. పుట్టినరోజు, పిల్లల పేరు వద్దు. సంబంధం లేని నాలుగైదు తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి రాస్తే పొడుగ్గానూ ఉంటుంది, మీకు గుర్తూ ఉంటుంది. ఓటీపీ ఎవరడిగినా చెప్పొద్దు. రీఛార్జి చేయక వదిలేసిన నంబరు కొన్నాళ్లకి ఇంకొకరికి పోతుంది, అది మీ రికవరీ నంబరైతే వెంటనే మార్చండి.

అయితే కార్యకర్తలకి ఒక హెచ్చరిక. హింసించే భర్త ఆమె మెయిల్ చూస్తున్నాడనుకోండి. హఠాత్తుగా పాస్‌వర్డ్ మారిస్తే ఆ రాత్రి ఇంట్లో ఏం జరుగుతుందో మనకి తెలియదు. ముందు ఆమె భద్రత. అతని చేతికందని ఫోన్ నుంచి కొత్త మెయిల్ తెరవనివ్వండి. పాత ఖాతాలో ఎవరి పరికరం ఉందో ఫొటో తీసి దాచండి. దాన్ని తొలగించాక ఆ సాక్ష్యం దొరకకపోవచ్చు. ఎప్పుడు మార్చాలన్నది ఆమె నిర్ణయం, మనది కాదు.

చట్టం మన పక్షాన కొంత ఉంది. ఇతరుల పాస్‌వర్డ్‌ని మోసపూరితంగా వాడితే ఐ.టి. చట్టం 66-సి కింద 3 ఏళ్ల వరకూ జైలు, లక్ష రూపాయల వరకూ జరిమానా. స్త్రీ ఈమెయిల్, ఇంటర్నెట్ వాడకంపై నిఘా పెట్టడాన్ని 2013 సవరణ వెంటాడే నేరంగా గుర్తించింది. 2024 జూలై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్. ఆ సెక్షన్‌లో భర్తకి మినహాయింపు ఎక్కడా రాయలేదు. ఫిర్యాదు ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా ఇవ్వవచ్చు, తమ పరిధి కాదని తిప్పి పంపకూడదు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి. హింస ఉంటే 181 ఉంది.

“నీకూ నాకూ మధ్య రహస్యాలేమిటి, పాస్‌వర్డ్ చెప్పు” అనే మాటని మనం ప్రేమగా లెక్కేస్తున్నంత కాలం ఏ చట్టమూ చాలదు. అతని పాస్‌వర్డ్ ఆమెకి తెలిసిన ఇళ్లు ఎన్ని? 2017లో సుప్రీంకోర్టు ఏకాంతాన్ని ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. ఆ హక్కు మన ఇంటి గుమ్మం దగ్గర ఆగిపోకూడదు.

అందుకని ఒక చిన్న కార్యక్రమం ప్రతిపాదిస్తున్నాను. ప్రతి సంఘం తన ఆఫీసు మెయిల్‌కి ఎవరి ఫోన్ నంబరు ఉందో ఈ వారమే చూసుకోవాలి. మానేసి వెళ్లిన వాళ్ల దగ్గర పాస్‌వర్డ్ ఉంటే మార్చాలి. తర్వాత ఈ మూడు బస్తీల్లోని ఒక్కొక్క హాస్టలుకి ఇద్దరేసి వెళ్లి, ఒక సాయంత్రం కూర్చుని, ప్రతి అమ్మాయి మెయిల్‌కీ ఆమె సొంత నంబరు పెట్టించాలి. మనం చేసి ఇవ్వొద్దు. ఆమె చేతే చేయించాలి.