కొత్త కంపెనీ పెట్టేవారు ఏ పని బయటికివ్వాలి, ఏ పని ఇంట్లో ఉంచుకోవాలి

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ వేదిక మీద స్కాలర్‌షిప్పుల గురించి, ఆడపిల్లల చదువు గురించి మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శిగారు నన్ను వేరే విషయం మీద మాట్లాడమన్నారు. కారణం మీలో చాలామందికి తెలుసు. మన ఇళ్ళలో పిల్లలు "ఉద్యోగం చెయ్యం, కంపెనీ పెడతాం" అంటున్నారు. దాన్ని స్టార్టప్ అంటున్నారు. మంచిదే. కాని ఆ కంపెనీకి పెట్టుబడి ఎక్కణ్ణుంచి వస్తోంది? అబ్బా జెడ్డాలో డ్రైవరీ చేసి పంపిన డబ్బు, అమ్మీ గాజులు, అక్క పెళ్ళికని కట్టిన చీటీ. అందులో పెద్ద భాగం ఏ ఊళ్ళోనో, ఏ దేశంలోనో ఉండి ప్రోగ్రాములు రాసిపెట్టే ఏజెన్సీకి పోతోంది. "యాప్ చేయించుకుంటున్నాం మాస్టర్‌సాబ్" అంటారు. ఆ యాప్ ఎవరిది, రేపు చెడిపోతే బాగుచేసేవాడెవడు అని అడిగితే నోరు మెదపరు.

నేను ఇంజనీరును కాను. ఉర్దూ మీడియం బడిలో లెక్కలు చెప్పుకునేవాణ్ణి. అయితే మా బడిలో చదివి హైదరాబాదులో ఈ పనే చేస్తున్నవాళ్ళు సెలవులకు వచ్చినప్పుడు నా దగ్గర కూర్చుంటారు. వాళ్ళను అడిగీ, నేను చదివీ తెలుసుకున్నదే మీకు మనవి చేస్తున్నాను.

పని బయటికివ్వడమే తప్పని నేననను. 1998లో ప్రారంభమైన హైటెక్ సిటీ పెరిగిందే అమెరికా, యూరపు కంపెనీలు బయటికిచ్చిన పని మీద. మన పిల్లలు ఎందరో ఆ పనితోనే ఇళ్ళు కట్టుకున్నారు. కాని అలా పని ఇచ్చినవాటిలో ఎక్కువ భాగం పాత బ్యాంకులు, బీమా కంపెనీలు, పెద్ద కార్ఖానాలు. తమకేం కావాలో వాటికి తెలుసు. కొత్త కంపెనీ సంగతి అది కాదు.

ఇల్లు కట్టినవాళ్ళందరికీ ఒక విషయం తెలుసు. మేస్త్రీకి పని రెండు రకాలుగా ఇస్తాం. ఒకటి గుత్త. ఇంత ఇల్లు, ఇంత సొమ్ము, ఇన్ని నెలలు. రెండోది రోజుకూలి. ఎన్నాళ్ళు పని జరిగితే అంత డబ్బు. ప్రోగ్రాము పనిలోనూ ముఖ్యంగా ఈ రెండే ఉన్నాయి. గుత్తకిస్తే ఖర్చు ముందే తెలుస్తుంది, కాని ప్లాను మార్చకూడదు. కిటికీ ఇటు కాదు అటు అన్నామంటే మేస్త్రీ వేరే లెక్క కడతాడు. అతని తప్పేం లేదు. రోజుకూలికిస్తే ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, కాని దగ్గరుండి చూసుకునేవాడు కావాలి. లేకపోతే పని సాగుతూనే ఉంటుంది.

ఇక్కడే అసలు చిక్కు. కొత్త కంపెనీకి ప్లాను ఉండదు. ఉందనుకుంటారు, ఉండదు. కిరాణా కొట్టు పెట్టేవాడికి ఏం అమ్మాలో, ఎవరు కొంటారో తెలుసు. స్టార్టప్ పెట్టేవాడికి ఆ రెండూ ఇంకా తెలియవు. తెలుసుకోవడమే అతని మొదటి ఏడాది పని. అలాంటివాడు గుత్తకిస్తే ఆరు నెలలకు అడిగినట్టే కట్టిన ఇల్లు చేతికొస్తుంది, అందులో దిగడానికి ఎవరూ రారు. పోనీ రోజుకూలికిస్తాడా, చేసిన పనిని చదవడం రాదు కాబట్టి మేస్త్రీ చెప్పిందే వేదం.

రెడ్‌బస్ కథ చూడండి. తెలంగాణ వాడైన ఫణీంద్ర సామా, బిట్స్ పిలానీలో అతనితో చదువుకున్న సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజు – ముగ్గురూ బెంగుళూరులో పెద్ద కంపెనీల్లో ఉద్యోగాలు చేసేవారు. వాళ్ళ చదువు ఎలక్ట్రానిక్సు, ఇలాంటి ప్రోగ్రాములు రాయడం కాదు. 2005 దీపావళికి ఇంటికి వెళదామంటే ఫణీంద్రకు బస్సు టికెట్టు దొరకలేదు. ఏ బస్సులో సీటు ఖాళీ ఉందో ఒకచోట చూసుకునే వీలు అప్పుడు లేదు. ముగ్గురూ పుస్తకాలు తెచ్చుకుని ప్రోగ్రామింగు తామే నేర్చుకుని రాశారు. మొదట వాళ్ళనుకున్నది ఏమిటంటే, బస్సు యజమానులకు సీట్ల లెక్క చూసుకునే సాఫ్ట్‌వేరు ఇద్దామని. యజమానులు దాన్ని పట్టించుకోలేదు. వాళ్ళకు కావలసింది టికెట్లు అమ్మిపెట్టేవాడు. సరే, టికెట్లే అమ్ముదాం అని 2006లో ఆ దారి పట్టారు. 2013లో ఐబిబో సంస్థ ఆ కంపెనీని కొనుక్కుంది.

ఇప్పుడు లెక్క వెయ్యండి. ఆ మొదటి సాఫ్ట్‌వేరును ఉన్న డబ్బంతా పోసి గుత్తకు చేయించి ఉంటే, యజమానులు వద్దన్న రోజున వీళ్ళ చేతిలో ఏం మిగిలేది? అక్కరలేని సాఫ్ట్‌వేరు, ఖాళీ జేబు. రాసే విద్య తమ దగ్గరే ఉంది గనక, రాసింది పక్కన పెట్టి మరోటి రాసుకోగలిగారు.

అలాగని అంతా తామే చెయ్యాలని కాదు. 2009లో వాట్సాప్ పెట్టిన జాన్ కూమ్, ప్రోగ్రామర్లను కుదిర్చిపెట్టే రెంట్‌ఎకోడర్ అనే ఇంటర్నెట్టు సంతలో రష్యావాడొకణ్ణి వెతికి ఐఫోను యాప్ పని అప్పగించాడు. వెనకాల నడిచే సర్వరు భాగం మాత్రం తానే కూర్చుని రాసుకున్నాడు. అతను యాహూలో పనిచేసిన ఇంజనీరు, ఎవడేం రాశాడో చదవగలడు. 2014లో ఫేస్‌బుక్ 1900 కోట్ల డాలర్లకు కొంటానన్ననాటికి ఆ కంపెనీలో ఉన్నది సుమారు 55 మంది. స్లాక్ అనే మరో కంపెనీ 2013లో కెనడాలోని మెటాలాబ్ అనే డిజైను సంస్థకు పని ఇచ్చింది. బొమ్మ, రంగు, తెర మీద ఏది ఎక్కడ కనబడాలి అన్నంతవరకే. లోపలి పనంతా సొంత మనుషులదే.

ఉర్దూ పత్రికలు కంప్యూటరుకు మారకముందు కాతిబులు రాసేవారు. పెద్దలకు జ్ఞాపకం ఉంటుంది. చక్కటి దస్తూరీ ఉన్న కాతిబును ఎక్కణ్ణుంచయినా తెచ్చుకోవచ్చు. ఎడిటరును అలా తెచ్చుకోలేం. అర్ధరాత్రి వార్త మారితే ఏ పేరా తియ్యాలో చెప్పేవాడు ఆఫీసులోనే ఉండాలి. పైగా ఆ ఎడిటరుకు కాతిబు రాసింది చదవడం వచ్చి తీరాలి! యాప్ పెట్టాలనుకునే ఇద్దరు ముగ్గురు స్నేహితుల్లో ఒక్కడైనా అలాంటివాడు ఉండాలన్నదే నా మాట. లేకపోతే ఒకడు ఏడాది కూర్చుని నేర్చుకోవాలి, లేదా వాటా ఇచ్చి తెలిసినవాణ్ణి కలుపుకోవాలి. ఈలోగా యాప్ లేకుండానే ఫోను మీద, వాట్సాప్ గ్రూపు మీద, నోటుబుక్కు మీద పది మందికి సరుకు అమ్మి చూడండి. కొనేవాళ్ళు ఉన్నారో లేదో దానితోనే తేలిపోతుంది. ఖర్చు నోటుబుక్కు ఖరీదు.

ఇక రెండో సంగతి, కాగితం. దీన్ని కొంచెం నిదానంగా చెప్తాను, ఎక్కువమంది మునిగేది ఇక్కడే.

నా పాత విద్యార్థి ఒకడు పెళ్ళిబట్టల మీద జర్దోజీ పనికి ఆర్డర్లు తీసుకునే యాప్ చేయించాడు. ఏజెన్సీ పేరు అనవసరం. నాలుగు లక్షలు ఇచ్చాడు, పని బాగానే ఉంది. ఆఖరి వాయిదా దగ్గర తకరారు వచ్చింది. మర్నాటికి యాప్ కనబడలేదు. ఫోనుల్లోకి యాప్ దించుకునే గూగుల్ దుకాణంలో ఖాతా ఏజెన్సీ పేరు మీద ఉంది. వెబ్‌సైటు పేరూ వాళ్ళదే, సర్వరూ వాళ్ళదే. ఆర్డరిచ్చిన ఆడవాళ్ళ ఫోను నంబర్లు, కొలతలు అన్నీ అక్కడే ఉండిపోయాయి. వీడి చేతిలో ఉన్నవి రసీదులు. "డబ్బిచ్చాను కదా మాస్టర్‌సాబ్, నాది కాకుండా ఎలా పోతుంది?" అని నన్నడిగాడు.

చట్టం చూస్తే వాడి నమ్మకానికి బలం లేదు. 1957 నాటి మన కాపీరైటు చట్టం కంప్యూటరు ప్రోగ్రామును సాహిత్య రచన కింద లెక్కిస్తుంది. గజలూ, ప్రోగ్రామూ ఒకే ఖానాలో! 17వ సెక్షను ప్రకారం రాసినవాడే మొదటి హక్కుదారు. జీతం మీద పనిచేసే ఉద్యోగి తన ఉద్యోగంలో భాగంగా రాస్తే, వేరే ఒప్పందం లేనంతవరకు, హక్కు యజమానిది. బయటివాడికి కాంట్రాక్టు మీద రాయించుకుంటే డబ్బిచ్చినంతమాత్రాన హక్కు మనకు రాదు. అతను కాగితం మీద సంతకం పెట్టి రాసివ్వాలి. ఆ కాగితంలోనూ మెలిక ఉంది. 19వ సెక్షను ప్రకారం ఎంతకాలానికో రాయకపోతే 5 ఏళ్ళకే అనీ, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకేననీ అర్థం చేసుకుంటారు. కనక "హక్కులన్నీ, చట్టం ఉన్నంతకాలానికీ, ప్రపంచమంతటికీ" అని స్పష్టంగా రాయించుకోండి. పొలం కొంటే హద్దులు రాయించుకోమా?

చదువు లేనివాళ్ళే ఇలా మోసపోతారనుకోకండి. 2003లో స్కైప్ వచ్చింది. పెట్టినవాళ్ళు స్వీడన్ వాడైన నిక్లాస్ జెన్‌స్ట్రోమ్, డెన్మార్కు వాడైన యానుస్ ఫ్రీస్. ప్రోగ్రాము రాసింది ఎస్టోనియా దేశపు కుర్రాళ్ళు. వాళ్ళ జట్టు అంతకుముందే కజా అనే మరో పనిలో కలిసి పనిచేసినది, స్కైప్‌లో వాటా కూడా ఉన్నది. జట్టు విషయంలో వాళ్ళను మెచ్చుకోవలసిందే. 2005లో ఈబే అనే అమెరికా కంపెనీ స్కైప్‌ను 260 కోట్ల డాలర్లకు కొంది. కాని దాని గుండెకాయలాంటి సాంకేతిక భాగం, స్థాపకుల సొంత కంపెనీ జోల్టిడ్ పేరు మీద వేరుగా ఉండిపోయింది. ఈబేకు దక్కింది వాడుకునే అనుమతి మాత్రమే. 2009లో కోర్టుకెక్కారు. అదే ఏడు చివరకు స్థాపకులకు మళ్ళీ వాటా ఇచ్చి రాజీపడితే గాని ఆ భాగం స్కైప్ సొంతం కాలేదు. 2011లో మైక్రోసాఫ్ట్ కొన్నది, 2025 మేలో స్కైప్ మూతపడింది, అది వేరే కథ. అంతమంది వకీళ్ళున్న కంపెనీకే ఆ గతి పట్టింది.

కనక వెబ్‌సైటు పేరు, సర్వరు ఖాతా, యాప్ దుకాణంలో ఖాతా మొదటి రోజునుంచీ మీ పేరు మీద, మీ ఫోను నంబరు మీద తెరవండి. ఏజెన్సీవాళ్ళకు లోపలికి వచ్చే వీలు ఇవ్వండి, తాళంచెవి ఇవ్వకండి. రాసిన ప్రోగ్రామును ఆఖర్న ఒకేసారి కాకుండా ప్రతివారం మీ ఖాతాలో పెట్టించండి. ముందు రెండు వారాల చిన్న పని ఒకటి ఇచ్చి, డబ్బిచ్చి, మనిషిని చూడండి. బయానా కింద సగం ఇచ్చేయడం దర్జీ దగ్గర కూడా చెయ్యం.

ఇక జట్టు. చందా డబ్బు ఏమాత్రం చేతికొచ్చినా మనవాళ్ళు వెంటనే పదిమందిని పెట్టుకుంటారు, ఆఫీసుకు అద్దాలు పెట్టిస్తారు. ఐబిఎంలో పెద్ద సాఫ్ట్‌వేరు పని నడిపించిన ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975లోనే ఒక పుస్తకంలో హెచ్చరించాడు, ఆలస్యమైన పనికి కొత్త మనుషుల్ని చేర్చితే ఇంకా ఆలస్యమవుతుందని. ఇది మా ఎనిమిదో తరగతి లెక్కే. ముగ్గురుంటే మాట్లాడుకోవలసిన జతలు 3. ఆరుగురైతే 15. పదిమందైతే 45. పని చేసే చేతులు మూడింతలు పెరిగే లోపల మాటల చిక్కు పదిహేనింతలవుతుంది. మొదటి ఏడు ఇద్దరు, ముగ్గురు చాలు.

వాటాల విషయంలో మొహమాటం మనకు పెద్ద జబ్బు. మామకొడుకులిద్దరు, స్నేహితుడొకడు కలిసి మూడో వంతు చొప్పున అనుకుంటారు. ఆరు నెలలకు ఒకడికి దుబాయి వీసా వస్తుంది. వెళ్ళిపోతాడు, అతని మూడో వంతు మాత్రం ఇక్కడే కూర్చుంటుంది. అమెరికాలో దీనికొక ఆనవాయితీ ఉంది, మన దేశంలోనూ వచ్చింది. వాటా నాలుగేళ్ళలో కొంచెం కొంచెంగా సంపాదించుకోవాలి. ఏడాది నిండకుండా వెళ్ళినవాడికి ఏమీ రాదు, నిండితే నాలుగోవంతు వస్తుంది, మిగతాది నెలనెలా కలుస్తుంది. తమ్ముడైనా సరే రాసుకోండి. వాడు రేపు పెళ్ళిలో మీతో మాట్లాడాలంటే ఇవాళ రాసుకోవాలి.

"ఇప్పుడు యంత్రమే ప్రోగ్రాము రాసేస్తోంది, ఏజెన్సీ ఎందుకు, జట్టు ఎందుకు" అని కుర్రాళ్ళు నన్నడుగుతున్నారు. నిజమే, రాస్తోంది, నేనూ చూశాను. అదీ బయటి మేస్త్రీయే. గోడ లేపుతుంది. గోడ వంకర ఉందో లేదో చూసేవాడు ఇంకా మనిషే.

ఎదుటి పక్షం కూడా మన ఇళ్ళలోనే ఉంది. మన అమ్మాయిలు కొందరు పెళ్ళయ్యాక ఇంట్లో కూర్చుని బయటి కంపెనీలకు ఈ పనే చేసిపెడుతున్నారు. నేను చెప్పిన చట్టం వాళ్ళకూ రక్షణే. డబ్బు పూర్తిగా అందాకే హక్కు రాసిస్తామని ఒప్పందంలో పెట్టుకోవచ్చు. పనిని నాలుగు ముక్కలు చేసి ముక్కకింతని తీసుకోండి. నెలల తరబడి చేసి చివర్న ఒక్క బిల్లు పంపకండి. అయితే ఎదుటివాడి తాళంచెవి మీ దగ్గర పెట్టుకుని బెదిరించడం మాత్రం వ్యాపారం కాదు.

ఒప్పందం కాగితాలు చదివి చెప్పడానికి మన సంఘం సభ్యులైన ఒక వకీలుగారు ఒప్పుకున్నారు. ప్రతినెలా మొదటి ఆదివారం జొహర్ నమాజు తర్వాత సంఘం ఆఫీసులో ఉంటారు, నేనూ ఉంటాను. ఫీజు లేదు. కాగితం సంతకం కాకముందు తీసుకురండి. సంతకమయ్యాక తెస్తే టీ ఇచ్చి పంపుతాం.