వ్లాగులు, వాటిని చూసే ఇళ్లు: మనం చేయవలసిన అధ్యయనం

(మెట్‌పల్లిలో విద్యార్థులు, తల్లిదండ్రులు, కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మేము ఎంచుకున్న విషయం కొందరికి చిన్నదిగా తోచవచ్చు. వంట చేసుకోవడం, పండుగ బట్టలు కొనుక్కోవడం, పిల్లలను బడికి పంపడం వంటి నిత్య జీవితాన్ని ఫోనులో చిత్రించి యూట్యూబులో పెట్టేవారిని లైఫ్‌స్టైల్ వ్లాగర్లు అంటున్నాం. నేడు మీడియా అధ్యయన రంగంలో ఈ వ్లాగర్లు, వారి వీక్షకులు ఒక పరిశోధనాంశం. వక్ఫ్ భూములు, రిజర్వేషన్లు, ఉపాధి వంటి పెద్ద సమస్యలు ఉండగా వంటల వీడియోల మీద పరిశోధన ఎందుకని ఎవరైనా అడగవచ్చు. మా సమాధానం ఇది. మన ఇళ్ల గురించి ఇరుగుపొరుగు ఏమనుకుంటున్నారో నేడు చాలావరకు ఆ చిన్న తెర మీదనే నిర్ణయమవుతున్నది. ఆ తెర ముందు కూర్చున్నవారిని కంపెనీలు లెక్కిస్తున్నాయి, ద్వేష ప్రచారకులు వాడుకుంటున్నారు. మనం మాత్రం ఆ తెరను తిట్టడమో, దానికి లొంగిపోవడమో చేస్తున్నాం. దానిని అధ్యయనం చేయడం లేదు.

ఇందుకు ఉదాహరణ కోసం దూరం పోనవసరం లేదు. మన జగిత్యాల జిల్లాలోనే, మల్యాల మండలం లంబాడిపల్లిలో శ్రీరాం శ్రీకాంత్ 2012లో 'మై విలేజ్ షో' ప్రారంభించారు. వ్యవసాయ కూలీగా బతికిన మిల్కూరి గంగవ్వ ఆ వీడియోల ద్వారా తెలుగు ప్రపంచమంతటికీ తెలిశారు. 2020లో బిగ్‌బాస్ నాలుగవ సీజనులో పాల్గొన్నారు. అదే బృందంలోని గీల అనిల్ తన పేరుతో వ్లాగులు చేస్తున్నారు. మన ప్రాంతపు భాషను సినిమాలు దశాబ్దాలపాటు విలన్లకు, హాస్యగాళ్లకు మాత్రమే ఇచ్చాయి. లంబాడిపల్లి ఆ భాషను ఇంటి భాషగా, ప్రేమగా మాట్లాడే భాషగా చూపింది. పెద్ద పెట్టుబడి లేకుండా, ఒక ఊరు తన బొమ్మను తానే గీసుకోగలదని నిరూపించింది.

ఇదే గీటురాయిని మన సమాజానికి పెట్టి చూద్దాం. తెలుగు వ్లాగులలో ముస్లిములు ఎక్కువగా ఎప్పుడు కనిపిస్తారు? రంజాన్ మాసంలో, చార్మినార్ పరిసరాలలో, హలీం బట్టీ పక్కన. హైదరాబాదీ హలీంకు 2010లో భౌగోళిక గుర్తింపు లభించింది. అది మనకు గర్వకారణమే. వేరే మతాలవారు ఆ గల్లీలకు వచ్చి, మన సోదరులతో కలిసి తిని, ఆ రుచిని మెచ్చుకుంటూ వీడియోలు చేయడం సంతోషించదగినదే. కాని పళ్లెం కనిపించినంతగా దానిని వడ్డించిన మనిషి కనిపించడం లేదు. మెట్‌పల్లిలో, కోరుట్లలో చాటను ఒడిలో పెట్టుకొని బీడీలు చుట్టే మన తల్లి ఎక్కడ? భర్త దుబాయిలోనో సౌదీలోనో ఉండగా ఇంటిని ఒంటిచేత్తో నడిపే కోడలు ఎక్కడ? ఇంట్లో దక్కనీ, అంగట్లో తెలుగు మాట్లాడే మన పిల్లలు ఎక్కడ? ఎవరు కనిపిస్తున్నారని అడిగినంత ముఖ్యంగా ఎవరు కనిపించడం లేదని అడగడమే మీడియా అధ్యయనంలో మొదటి పాఠం.

రెండవ పాఠం డబ్బుకు సంబంధించినది. యూట్యూబు 2005లో పుట్టింది. 2016లో జియో వచ్చిన తరువాత డేటా చవకై అది మన పల్లెలకు చేరింది. ఒక ఛానెలుకు ప్రకటనల ఆదాయం రావాలంటే, నిడివి గల వీడియోల విషయంలో వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, పన్నెండు నెలల్లో 4,000 గంటల వీక్షణ ఉండాలి. అంటే పది నిమిషాల వీడియోను 24,000 సార్లు పూర్తిగా చూడాలి. ఆ తరువాత వచ్చే ప్రకటనల ఆదాయంలో 55 శాతం వ్లాగరుకు, తక్కినది కంపెనీకి. ఆ రాబడిని వెయ్యి వీక్షణలకు ఇంత అని లెక్కిస్తారు. వెయ్యి బీడీలకు ఇంత కూలి అనే లెక్క తెలిసిన మన ఆడపడుచులకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఒక తేడా మాత్రం ఉన్నది. బీడీ కార్మికులు పోరాడి గుర్తింపు కార్డు, భవిష్యనిధి సాధించుకున్నారు. వ్లాగరుకు అవి లేవు. ఇక చూసేవారికి ఏమీ రాదు. కెనడా పండితుడు డల్లస్ స్మైత్ 1977లోనే ఒక మాట చెప్పారు: ప్రకటనల మీద నడిచే మాధ్యమాలు అమ్మే అసలు సరుకు కార్యక్రమం కాదు, దానిని చూసే ప్రేక్షకులే. మన ఇళ్లలో గంటల తరబడి చూసే చూపు ఆ సరుకులో భాగమేనని తల్లిదండ్రులు గ్రహించాలి.

మూడవ పాఠం మనసుకు సంబంధించినది. 1956లో డొనాల్డ్ హార్టన్, రిచర్డ్ వోల్ అనే అమెరికా పరిశోధకులు టెలివిజను, రేడియో ప్రేక్షకులలో ఒక విచిత్ర బంధాన్ని గుర్తించారు. తెర మీది మనిషిని ప్రేక్షకుడు తన ఆప్తునిగా భావిస్తాడు, ఆ మనిషికి మాత్రం ఇతడెవరో తెలియదు. దీనినే పారాసోషల్ సంబంధం అంటున్నారు. గల్ఫ్ క్యాంపులో రాత్రి పడుకోబోయే ముందు ఊరి వ్లాగు చూసే తమ్మునికి అది ఓదార్పు కావచ్చు. కాని అదే ఆప్తురాలు ఒక క్రీమునో, రుణ యాప్‌నో మంచిదని చెప్తే, అక్క చెప్పిందన్నట్లు నమ్మేవారుంటారు. అందుకే కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. డబ్బు గాని, బహుమతి గాని తీసుకొని చెప్పే మాటను ప్రకటన అని స్పష్టంగా తెలపాలి. తప్పుదారి పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా పడవచ్చు. ఈ సంగతి మన ఇళ్లలో ఎంతమందికి తెలుసు?

ఇక అన్నిటికన్నా బాధాకరమైన విషయం. 2021 జూలైలో 'సల్లీ డీల్స్', 2022 జనవరి ఒకటిన 'బుల్లీ బాయి' అనే యాప్‌లలో ముస్లిం మహిళల ఫోటోలను పెట్టి వేలం నాటకం ఆడారు. ఆ ఫోటోలు ఆ మహిళలు తమ సామాజిక మాధ్యమ ఖాతాలలో పెట్టుకున్నవే. బాధితులలో పాత్రికేయులు, ఉద్యమకారులు ఉన్నారు. అరెస్టయినవారిలో ఇరవై ఏళ్ల ప్రాయపు యువకులతో పాటు పద్దెనిమిదేళ్ల యువతి కూడా ఉన్నది. ఈ వార్తల తరువాత ఎన్నో ఇళ్లలో భయం చోటు చేసుకున్నది. ఆ భయం అకారణమైనది కాదు. అయితే ఆడపిల్ల చేతిలోని ఫోను లాక్కోవడంతో సమస్య తీరదు. నేరం చేసినవాడు స్వేచ్ఛగా తిరుగుతుండగా, బాధితురాలి చదువు ఆగిపోతే అది రెండవ శిక్ష అవుతుంది. ద్వేషాన్ని పంచేవాడు ఒకడైతే దానిని చూసి నవ్వినవారు ఎందరు, మౌనంగా దాటిపోయినవారు ఎందరు, ఎదిరించినవారు ఎందరు? ఈ ప్రశ్నకు లెక్కలలో జవాబు దొరకదు. ప్రేక్షకులను చదివితేనే దొరుకుతుంది.

అలా చదవడం ఎలా? స్టూవర్ట్ హాల్ 1973లో ఒక దారి చూపారు. ఒకే దృశ్యాన్ని ఒకరు యథాతథంగా అంగీకరిస్తారు, ఒకరు కొంత ఒప్పుకొని కొంత తమకు అనుగుణంగా మార్చుకుంటారు, మరొకరు ఎదురుతిరిగి చదువుతారు. పూర్ణిమా మంకేకర్ ఢిల్లీలోని దిగువ మధ్యతరగతి, శ్రామిక కుటుంబాల ఇళ్లకు వెళ్లి, దూరదర్శన్ సీరియళ్లను స్త్రీలు ఎలా అర్థం చేసుకుంటున్నారో విన్నారు. ఆ పరిశోధన 1999లో పుస్తకంగా వచ్చింది. రామాయణం సీరియల్ ప్రసారానికీ, ఆ తరువాతి హిందుత్వ రాజకీయాలకూ గల సంబంధాన్ని అరవింద్ రాజగోపాల్ 2001లో వచ్చిన తన గ్రంథంలో పరిశీలించారు. టీవీ విషయంలో జరిగిన ఆ పని, ఫోను విషయంలో మన ఊళ్లలో జరగవలసి ఉన్నది.

మెట్‌పల్లి విద్యార్థులు దీనిని చిన్నగా మొదలుపెట్టవచ్చు. పది ఇళ్లు ఎంచుకోండి. ముస్లిం ఇళ్లతోపాటు పక్కనున్న పద్మశాలి, దళిత, ముదిరాజ్ ఇళ్లూ ఉండాలి. ఎవరు ఏ వ్లాగు చూస్తున్నారు, ఎవరితో కలిసి చూస్తున్నారు, ఫోను ఇంట్లో ఎవరి అధీనంలో ఉన్నది, చూసిన తరువాత ఏం కొన్నారు, ముస్లిముల గురించి ఏం కొత్తగా తెలుసుకున్నారు, ఏం తప్పుగా తెలుసుకున్నారు అని అడగండి. వ్యాఖ్యలను చదివి, మెచ్చుకోలు, ప్రశ్న, ఎగతాళి, ద్వేషం అని వేరు చేసి రాసుకోండి. ఆరు నెలల్లో మన చేతిలో మన సొంత దస్త్రం ఉంటుంది. ఫిర్యాదు చేయాలన్నా, పత్రికకు రాయాలన్నా, పాఠశాలలో మాట్లాడాలన్నా అది పనికివస్తుంది.

ఒక నియమం మాత్రం తప్పరాదు. ఇతరుల ఇంట్లోకి అనుమతి కోరి, సలాం చెప్పి ప్రవేశించాలని సూరహ్ నూర్ 27వ ఆయత్ బోధిస్తున్నది. కెమెరా కూడా ఇంట్లోకి వచ్చే అతిథే. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు ఇచ్చింది. కనుక అనుమతి లేనిదే ఎవరి ముఖం, ఎవరి పేరు బయటకు రాకూడదు. ఇది పరిశోధకునికే కాదు, వ్లాగు చేసే కొడుకుకూ, కూతురుకూ వర్తిస్తుంది. పిల్లల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. వీడియోలలో కనిపించే పదహారేళ్లలోపు పిల్లల సంపాదనను వారి కోసం భద్రపరచాలని ఫ్రాన్సు 2020లోనే చట్టం చేసింది. మన ఇంట్లో పసిబిడ్డ ఏడుపు వీక్షణల కోసం వాడే వస్తువు కాకూడదు.

తల్లిదండ్రులకు చివరి మనవి. బిడ్డ జర్నలిజం, మీడియా చదువుతానంటే అది చదువా అని తోసిపుచ్చకండి. ఉస్మానియాలో, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో, మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో ఈ శాఖలున్నాయి. మన గురించి రాసేవారిని తప్పుపట్టడానికి మనకు హక్కున్నది. అయితే మన ఇంటి నుంచి రాయగల ఒక ఆడపిల్లను, ఒక మగపిల్లవాణ్ణి తయారుచేసినప్పుడే ఆ హక్కుకు బలం వస్తుంది. ఈ వేసవి సెలవుల్లో పది ఇళ్ల సర్వే మొదలుపెట్టడానికి ముందుకు వచ్చే విద్యార్థుల వెంట మేముంటాం. వారికి తలుపులు తెరవవలసినది మీరు.