జబ్బుకూ ఒక చిరునామా ఉంటది
(విద్యార్థులు, ఉద్యోగుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం అనగానే మనం డాక్టర్లు ఎంతమంది, మంచాలు ఎన్ని, మందులు ఉన్నాయా లేవా అని లెక్క తీస్తాం. ఆ లెక్క తియ్యవలసిందే. కానీ మనిషి దవాఖాన మెట్లెక్కేది జబ్బు చేసిన తర్వాత. ఆ జబ్బు పుట్టింది ఎక్కడ? తాగే నీళ్ళలో, పీల్చే గాలిలో, చేసే పనిలో. మనం ఉండే జాగనే మన జబ్బును నిర్ణయిస్తున్నది. అందుకే జబ్బుకూ ఒక చిరునామా ఉంటదని అంటున్నాం.

పటాన్‌చెరు సంగతే తీసుకుందాం. 1970ల నుంచి ఇక్కడ ఫ్యాక్టరీలు లేచాయి. మందుల ముడిసరుకు తయారీలో ఈ ప్రాంతం పేరు మోసింది. ఇక్కడి మందు ఏ దేశంలోనో ఎవరి జ్వరాన్నో తగ్గిస్తది. దాన్ని చెయ్యగా మిగిలిన విషం మాత్రం నక్కవాగులో పడింది, వాగు వెంట మంజీరలో కలిసింది. గండిగూడెం చెరువులో చేపలు చచ్చి తేలాయి. వాగు కింది పొలాలు పాడైనాయి. 2004లో గ్రీన్‌పీస్ సంస్థ ఇక్కడి కాలుష్య గ్రామాలను కాలుష్యం లేని గ్రామాలతో పోల్చి చూసింది. క్యాన్సర్, గుండె జబ్బులు, శ్వాస జబ్బులు ఇక్కడే ఎక్కువని తేల్చింది. అదే జిల్లా, అదే కూడు, అవే రెక్కలు. తేడా ఊరిలోనే ఉన్నది.

2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఇక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం బయటికి వదిలే నీళ్ళను పరీక్షించి ఫలితాలు ప్రకటించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నది. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా ఇది ఎక్కువ. శుద్ధి చేసిన తర్వాతి సంగతి ఇది! మందు వాగులో పారితే క్రిములు దానికి అలవాటు పడి మొండికేస్తాయి. రేపు మన బిడ్డకు జబ్బు చేస్తే డాక్టరు రాసే అదే గోలీ పనిచెయ్యకుండా పోయే ప్రమాదం ఉన్నది. జబ్బు ఇచ్చిన వాగే వైద్యాన్నీ గుంజుకుపోతున్నదన్నమాట.

న్యాయం సంగతి చూడండి. 1990లో సుప్రీంకోర్టులో కేసు పడింది. అక్కడి నుంచి హైకోర్టుకు, హైకోర్టు నుంచి హరిత ట్రిబ్యునల్‌కు తిరిగి 2017లో తీర్పు వచ్చింది. 27 ఏండ్లు! కేసు పడ్డనాడు పుట్టిన పిల్లకు పిల్లలు పుట్టేంత కాలం. ఈ నడుమ జరిగిన ఉపాయం ఏమిటంటే, పటాన్‌చెరు నుంచి అంబర్‌పేట దాకా సుమారు 18 కిలోమీటర్ల పైపు వేసి వ్యర్థజలాలను మూసీ దిక్కు మళ్ళించడం. విషం పోలేదు, ఊరు మారింది. మూసీ పారేది నల్లగొండ గడ్డ మీదికి. ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అని లోకమంతా పేరు పెట్టుకున్నది. ఆ జిల్లా పల్లెలేమో మంచి నీళ్ళ కోసం దశాబ్దాలు కొట్లాడవలసి వచ్చింది.

వైద్యం అందుతున్నదా? 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. పెద్ద ఆపరేషన్లకు అది ఆసరా, కాదనం. కానీ ఆపరేషన్ దాకా రాకుండా ఆపే నీళ్ళకు, గాలికి ఏ కార్డూ లేదు. 2018 నుంచి బస్తీ దవాఖానలు వచ్చాయి. ఇంటి దగ్గర డాక్టరు ఉండడం మంచిదే. దగ్గుకు మందిచ్చి మళ్ళీ అదే పొగలోకి పంపితే ఆ డాక్టరు మాత్రం ఏం చేస్తడు? ఇక ఠేకేదారు కింద పనిచేసే కార్మికుడి పేరు రికార్డులో లేకపోతే ఈఎస్ఐ కార్డు ఎట్లా వస్తది? దవాఖానకు పోతే ఆనాటి కూలి ఎవరిస్తరు? 2025 జూన్ 30న పాశమైలారంలో మందుల ఫ్యాక్టరీ పేలి 50 మందికి పైగా చనిపోయారు. చాలామంది పొట్ట చేతపట్టుకొని వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్ళు. కొందరి ఆనవాళ్ళు సైతం దొరకలేదు. వలస బతుకు ఏమిటో పాలమూరు బిడ్డలను కన్న తెలంగాణకు ఒకరు చెప్పాలా?

ఒకనాడు వలస పాలకులను నిలదీశాం. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. పాలకులు మారితే ప్రశ్న మారదు. సొంత ప్రభుత్వాన్నీ అదే గొంతుతో అడుగుదాం. ఊరి వారీగా జబ్బుల లెక్క తీసి పంచాయతీ గోడ మీద రాయాలె. బోరు నీళ్ళ పరీక్ష ఫలితం తాగేవాళ్ళకు తెలియాలె. ఠేకా కార్మికుల పేర్లన్నీ ఈఎస్ఐలో ఎక్కాలె. పనితో వచ్చిన జబ్బును పనితో వచ్చిందని డాక్టరు రాయాలె.

విద్యార్థి మిత్రులు సెలవుల్లో ఒక్కొక్క ఊరు పట్టుకొని ఈ లెక్క మొదలుపెట్టవచ్చు. కాలుష్య నియంత్రణ మండలిలో, ఫ్యాక్టరీల శాఖలో, వైద్య శాఖలో ఉన్నది మన ఉద్యోగులే. ఫైలు మీద సంతకం పెట్టేది మన చెయ్యే. సకల జనుల సమ్మెలో ఆగిన ఆ చెయ్యి తప్పుడు నివేదిక ముందు కూడా ఆగాలె.

నీళ్ళు, నిధులు, నియామకాలు అన్నాం. మొదటి మాట నీళ్ళు. పసిబిడ్డ నోటికి అందించే గ్లాసెడు నీళ్ళతోనే ఆ లెక్క మొదలు కావాలె.

జై తెలంగాణ!