తెల్లవారుజామున ఆక్సిజన్ మీటరు మాట నమ్మవచ్చా?

మధ్యాహ్నం మీటరు 8 పీపీఎం చూపితే అరపాయింటు తేడా లెక్కలోది కాదు. తెల్లవారుజామున మూడుకు దిగినప్పుడు ఆ అరపాయింటే పంటను ముంచుతుంది. గాలిలో పట్టి సరిచేస్తే పైఅంకె కుదురుతుంది గానీ సున్నా కుదరదు. బకెట్ నీళ్లలో సోడియం సల్ఫైట్ కలిపితే ఆక్సిజన్ పోతుంది. ప్రోబు అందులో ముంచండి. అప్పటికీ 0.6 చూపితే, చెరువులో అది చెప్పే 2.5 నిజానికి రెండే. తర్వాత ప్రోబును బాగా కడగండి.

పాకుడు పట్టిన, బుడగ చేరిన పొర మార్చాలి. ఈ ప్రోబు కొన దగ్గరి ఆక్సిజన్‌ను తానే తినేస్తుంది, అందుకే నీటిలో కదుపుతూ చూడండి. ఉప్పుశాతం సెట్ చేయకపోతే ఉన్నదానికంటే ఎక్కువే చూపుతుంది. అమ్మేవాళ్లు ఇవేవీ చెప్పరు. మీటరుతోపాటు పొరలు, సున్నా ద్రావణం ఇవ్వాలని సంఘం అడగాలి. అంతవరకు అంకె నాలుగుకు దిగగానే ఏరియేటర్లు వేసేయండి.