ఎండతాపము – సోయాచిక్కుడు పంట

ఆదిలాబాదు నల్లరేగడి భూములలో తొలకరికి విత్తెడి సోయాచిక్కుడును గూర్చి రెండు మాటలు మనవి చేసెదను.

వేడిమి మితముగా నున్నంతవఱకు ఈ పైరునకు మేలే. అది 30 డిగ్రీలు దాటినకొలఁది దిగుబడి వేగముగా తగ్గునని, అమెరికా పంటల లెక్కలను శోధించి ష్లెంకర్, రాబర్ట్స్ అను శాస్త్రజ్ఞులు 2009వ సంవత్సరమున తేల్చిరి.

పూచు వేళ ఎండ మిక్కుటమైనచో పుప్పొడి చెడును; పూవు రాలును. కాయలో గింజ నిండు కాలము కుఱుచయై గింజ సన్నమగును. వాన యెడమైనచో కీడు ఇనుమడించును. అప్పు తెచ్చి విత్తిన కాపునకు గింజ తేలికయైన యేఁట అప్పు బరువగును.

కావున ఒక్క రకమునే నమ్మక, త్వరగా పండు రకమును గొంత విత్తుఁడు. నడుమ కంది సాళ్లు వేయుఁడు. సోయా తప్పిన యేఁట కంది దిక్కగును. ఎండను మాన్పలేము, నష్టమును తగ్గించుకొనఁగలము.