మాటల ఆట



మా చిన్నతనంలో కరెంటు పోయిన రాత్రుల్లో అరుగు మీద చాపలు పరచుకుని బైత్ బాజీ ఆడేవాళ్ళం. ఒకరు చదివిన షేర్ ఏ అక్షరంతో ముగిస్తే, అవతలివారు ఆ అక్షరంతోనే మరో షేర్ ఎత్తుకోవాలి. ఎక్కువ షేర్లు 'అలిఫ్'తోనో 'యే'తోనో ముగుస్తాయి గనుక, వాటికి జవాబులు అమ్మీ దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండేవి.

నేడు మా పిల్లలు ఇంట్లో ఉర్దూ మాట్లాడతారే గాని, చదవడం రాదు. అందుచేత తెలుగులో గొలుసుమాటలు మొదలెట్టాం. 'పలక' అంటే 'కడవ', ఆపైన 'వల'. ఒకనాడు చిన్నవాడు 'కళ' అన్నాడు. అందరమూ నోరు తెరిచాం. 'ళ'తో మొదలయ్యే తెలుగు మాట ఏదీ?

అమ్మీ నవ్వి, "ఉర్దూలోనూ అంతే బేటా! 'పహాడ్' చివరి అక్షరంతో ఏ మాటా మొదలవదు" అంది. "అదెలా ఉంటుంది దాదీ?" అన్నాడు వాడు. అమ్మీ పలక తెప్పించి 'రే' రాసి, నెత్తిన చిన్న 'తోయ్' పెట్టింది. వాడు నేర్చిన తొలి ఉర్దూ అక్షరం అదే.

ఆదివారం ఒక్క గంట ఫోన్లు పక్కన పెట్టండి. పెద్దవాళ్ళను నడుమ కూర్చోబెట్టుకుని ఆడండి. వాళ్ళకు వచ్చినదంతా వాళ్ళతోనే పోనివ్వకండి. సెలవు.