ఇద్దత్‌లో ఉన్న ఇల్లు, కారు కాగితాలు

 

మా బావగారు పోయాక కారు సంగతి ఎత్తితే ఇంట్లో అందరూ "ఇద్దత్ అయ్యాక చూద్దాంలే" అన్నారు. నేనూ అన్నాను, బడిలో లెక్కలు చెప్పే మనిషినై ఉండి! ఇద్దత్ నాలుగు నెలల పది రోజులు. మోటారు వాహనాల నిబంధనలేమో, యజమాని చనిపోయిన 30 రోజుల్లో ఆర్టీవోకు తెలపాలి, మూడు నెలల్లో ఫారం 31 ఇవ్వాలి అంటున్నాయి. కారు బీమా కూడా ఆయన పేరు మీద మూడు నెలలకు మించి నిలవదు. ఇది నాకు తట్టేసరికి మేనల్లుడు రెండు వారాలుగా బీమా లేని కారు నడుపుతున్నాడు. అల్లాహ్ కాపాడాడు.

ఒకాయన, "పాత తేదీ వేసి, అమ్మినట్టు బావగారి సంతకం మీరే పెట్టేయండి" అన్నాడు. అక్క ఒప్పుకోలేదు. అందులో పిల్లలకూ, అత్తగారికీ వాటా ఉందని ఆమెకే గుర్తుంది.

ఆర్సీ, మరణ ధ్రువపత్రం, వారసుల సర్టిఫికెట్ మేం సమకూర్చాం. ఫారం మీద అక్క ఇంట్లోనే సంతకం చేసింది. కారు అప్పు బావగారు ముందే తీర్చారు, లేకుంటే బ్యాంకు కాగితం కూడా కావలసి వచ్చేది.

మన సంఘం తరఫున పరామర్శకు వెళ్లేవారు మొదటి నెలలోనే బండి కాగితాల గురించి అడగండి. ఫారం నింపడానికి నేను వస్తాను.